ఫీజు కట్టిన తర్వాత మొదలయ్యే పని
(సొసైటీ వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠం)

 

ఈ ప్రసంగం చదువుతున్నది ఒక్కరే అయినా రాసింది నలుగురం. ఇద్దరిది బోధన్, ఒకరిది వర్ని, ఒకరిది నిజామాబాద్ అహ్మదీ బజార్. నలుగురమూ ఈ సొసైటీ స్కాలర్‌షిప్‌తో ఇంజనీరింగ్ చదివినవాళ్లమే. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టీం లీడ్లుగా ఉన్నాం. ఒక్కొక్కరి కింద ఆరుగురి నుంచి పన్నెండు మంది దాకా ఇంజనీర్లు పని చేస్తున్నారు. ఈ 'కింద' అనే మాట మాకు అంతగా నచ్చదు. కానీ మన ఊళ్లో అలాగే అడుగుతారు, "నీ కింద ఎంతమంది?" అని. కాబట్టి వాడేస్తున్నాం.

పోయిన ఏడాది ఇదే సభలో ఒక పెద్దాయన లేచి ఒక ప్రశ్న అడిగారు. "ఫీజులు కట్టాం. లాప్‌టాప్‌లు కొనిచ్చాం. పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, సంతోషం. మరి ఏడాదికీ రెండేళ్లకూ కొందరు మానేసి ఇంటికెందుకు వస్తున్నారు? చదువు సరిగ్గా అబ్బలేదా?" ఆ రోజు మేము ఏదో చెప్పి కూర్చున్నాం. మార్కెట్ బాగాలేదన్నాం, అమెరికాలో పరిస్థితి అన్నాం. ఆయన తల ఊపారు గానీ ఒప్పుకోలేదని మాకు అర్థమైంది.

తర్వాత, అలా తిరిగి వచ్చినవాళ్లలో మాకు తెలిసినవాళ్లను కలిసి కూర్చుని మాట్లాడాం. పని రాక మానేశామన్నవాళ్లు తక్కువ. ఎక్కువ మంది చెప్పినవి ఇలాంటి మాటలు: "ఎవరిని అడగాలో తెలియలేదు భాయ్." "అడిగితే అందరి ముందు నవ్వారు." "ఆర్నెల్లు ఏం చేశానో మా లీడ్‌కు తెలియదు, నాకూ తెలియదు." అంటే వాళ్లు వదిలేసింది పనిని కాదు, ఆ పని చేయించిన తీరును. ఇది విన్నాక మాకు ఇంకో ఇబ్బందికరమైన విషయం తట్టింది. అలాంటి లీడ్లలో మేమూ ఉన్నాం.

అందుకని ముందు మా తప్పే చెబుతాం.

మాలో ఒకరి టీములో బోధన్ వైపు కుర్రాడే ఉండేవాడు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. ఒక గురువారం సాయంత్రం, కస్టమర్ల బిల్లుల్లో చిన్న సవరణ చేసే పని అతనికి ఇచ్చారు. ఒక్క రోజు బిల్లులకు చేయాల్సిన సవరణ పొరపాటున నెల మొత్తానికి జరిగిపోయింది. అరగంటలోనే అతనికి తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. రాత్రంతా ఒక్కడే కూర్చుని, తానే సరిచేయాలని చూశాడు. అప్పుడే చెప్పి ఉంటే పాత కాపీని వెనక్కి తెచ్చుకోవడానికి ఇరవై నిమిషాలు చాలు. తెల్లారేసరికి తప్పు బిల్లులు కస్టమర్లకు మెయిల్‌లో వెళ్లిపోయాయి. టీమంతా నాలుగు రోజులు వేరే పని మానుకుని దాన్ని సరిదిద్దింది.

కోపం చల్లారాక క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ అడిగితే, అతను తల దించుకుని చెప్పాడు: "పోయిన నెల మీటింగులో ఒక అమ్మాయితో మీరన్న మాట గుర్తుంది సర్." ఏమన్నారు? ఆ అమ్మాయి ఏదో సందేహం అడిగితే, "ఇది కూడా తెలియకుండా ఉద్యోగం ఎలా వచ్చింది?" అన్నారు. అన్నవాళ్లు మరిచిపోయారు. విన్న పదకొండు మందికీ గుర్తుంది. ఆ ఒక్క మాట ఖరీదు నాలుగు రోజుల పని. అసలు నష్టం దానికంటే పెద్దది. ఆ కుర్రాడు మూడు నెలల తర్వాత మానేశాడు. ఆ అమ్మాయి అంతకు ముందే వేరే టీముకు మారిపోయింది.

ఇది మా ఒక్కరి అనుభవమే అనుకోకండి. అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ 1990లలో ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను పరిశీలించారు. మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుని మొదలుపెట్టారు. లెక్క తిరగబడింది. బాగా నడుస్తున్న బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం వల్ల కాదు. చేసిన తప్పును భయం లేకుండా చెప్పుకోగలగడం వల్ల. భయం ఉన్నచోట కాగితం మీద తప్పులు ఉండవు, రోగి ఒంట్లో ఉంటాయి. తర్వాత గూగుల్ కంపెనీ తమ దగ్గరున్న 180 టీములను పరిశీలించినప్పుడు కూడా ఇదే పైకి తేలింది. టీములో ఎవరెవరున్నారు, ఎంత తెలివైనవాళ్లున్నారు అన్నదానికంటే, 'నాకు తెలియదు', 'నేను తప్పు చేశాను' అని చెప్పినా పరువు పోదన్న నమ్మకం ఉందా లేదా అన్నదే ముఖ్యమని తేలింది.

ఇంకో సంఘటన చెబుతాం. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు, అలసిపోయి ఉన్న వేళలో, ఒక సర్వర్‌లో తుడిచేయాల్సింది ఇంకో సర్వర్‌లో తుడిచేశాడు. అది అసలు డేటా ఉన్న సర్వర్. ఆపేలోపు దాదాపు అంతా పోయింది. బ్యాకప్‌లు తీయండి అంటే, ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు ఇంకేదో పనికోసం తీసుకున్న కాపీ ఒకటి ఉంది. దానితో నిలబెట్టుకున్నారు.

మన దగ్గరైతే ఏం జరుగుతుంది? ముందు ఆ ఇంజనీరును పీకేస్తారు. అక్కడ కంపెనీ డేటా తిరిగి తెచ్చే పనినంతా యూట్యూబ్‌లో అందరూ చూసేలా ప్రత్యక్షంగా చూపించింది. తర్వాత ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాసి బయటపెట్టింది. తెలిసిన ప్రశ్న 'ఎవరు తుడిచారు' అన్నది. వాళ్లు వేసుకున్న ప్రశ్న 'ఒక్క మనిషి ఒక్క ఆదేశంతో అంతా తుడిచేయగలిగేలా మనం ఎందుకు ఉంచాం, బ్యాకప్‌లు పనిచేస్తున్నాయో లేదో ఎవరూ ఎందుకు చూడలేదు' అన్నది. మొదటి ప్రశ్నకు ఒక పేరు దొరుకుతుంది. రెండో ప్రశ్నకు చేయాల్సిన పనుల జాబితా దొరుకుతుంది.

ఇక మన పిల్లల విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అది మన పెంపకంలో ఉన్న మంచిగుణం నుంచే వస్తోంది. పెద్దల ముందు గొంతు ఎత్తకూడదు, ఎదురు చెప్పకూడదు అని నేర్పాం. హైదరాబాద్ ఆఫీసులో అందరూ అందర్నీ పేరు పెట్టి పిలుస్తారు. మన బోధన్ పిల్లాడు మాత్రం ఆర్నెల్లు దాటినా 'సర్', 'మేడం' అనే అంటాడు. అనడంలో తప్పులేదు. కానీ 'సర్'కు చెడ్డ వార్త చెప్పడం కష్టం. లీడ్ వచ్చి "ఏమైనా ప్రాబ్లమా?" అని అడిగితే "లేదు సర్" అంటాడు. వాడి మనసులో అది అబద్ధం కాదు, అదబ్.

దీనికి మేము నేర్చుకున్న ఉపాయం చాలా చిన్నది. 'ప్రాబ్లం ఉందా' అని అడగం. "ఈ వారం అనుకున్నదానికంటే ఎక్కువ టైం పట్టిన పని ఏది?" అని అడుగుతాం. దానికి 'లేదు సర్' అనే జవాబు కుదరదు. ఏదో ఒకటి చెప్పాలి. ఆ చెప్పిన దాంట్లోంచే అసలు సంగతి బయటపడుతుంది. వారానికొకసారి ఒక్కొక్కరితో అరగంట విడిగా కూర్చుంటాం. ఆ అరగంటలో పని లెక్క అడగం, దానికి రోజూ పొద్దున మీటింగ్ ఉంటుంది. పది మంది ఉంటే వారానికి ఐదు గంటలు పోతాయి. మొదట్లో ఇది దండగ అనిపించింది. ఇప్పుడు అన్ని మీటింగులూ మానేసినా ఇది మానం. ఇంకొకటి, ముందు మా తప్పు మేము చెబుతాం. 'నిన్న నేను ఈ పొరపాటు చేశాను' అని లీడ్ నోటితో రెండుసార్లు వింటే మూడోసారి కుర్రాడు నోరు తెరుస్తాడు.

ఇదంతా వింటుంటే, లీడ్ అంటే మెత్తగా మాట్లాడేవాడు అనుకుంటారేమో. కాదు. పని ఎంత ఒప్పుకోవాలో, ఎంత వద్దనాలో తేల్చేది లీడే. ఇది చెప్పడానికి మాకు మన ఊరి ఫ్యాక్టరీ కంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

నిజాంసాగర్ నీళ్లు వచ్చాక చెరకు వచ్చింది, చెరకు వచ్చాక 1937లో నిజాం షుగర్స్ వచ్చింది. శక్కర్‌నగర్‌లో ఆ సైరన్ విని పెరిగినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడినప్పుడు మాలో ఒకరి అబ్బా ఇంట్లో రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ కథ వేరే. ఇక్కడ కావలసింది చెరకు సంగతి. చెరకు నరకడం తేలిక. నరికిన చెరకు ఎండలో పడి ఉంటే బరువు తగ్గుతుంది, రసంలో చక్కెరా తగ్గుతుంది. అందుకే మిల్లు రోజుకు ఎంత ఆడగలదో అంతే నరికించాలి. ఆశకు పోయి ఒకేసారి అందరి చేతా నరికిస్తే యార్డులో బండ్లు బారులు తీరతాయి, రైతు రాత్రంతా బండి కింద పడుకుంటాడు. మిల్లు మాత్రం నిన్న ఆడినంతే ఇవాళా ఆడుతుంది. ఎక్కువ నరికినందుకు ఎక్కువ చక్కెర రాదు.

సాఫ్ట్‌వేర్ టీము కూడా అంతే. క్లయింట్ పది పనులు అడుగుతాడు. భయపడే లీడ్ పదింటికీ సరే అని, పదింటినీ ఒకేసారి మొదలుపెట్టిస్తాడు. ఒక్కొక్కరి చేతిలో మూడేసి పనులు సగం సగం ఉంటాయి. సగం రాసిన కోడ్ యార్డులో పడ్డ చెరకు లాంటిది. రెండు వారాలు పోతే రాసినవాడికే గుర్తుండదు. మేము ఇప్పుడు ఒకరి చేతిలో ఒకటి, మహా అయితే రెండు పనులకు మించి ఉండనివ్వం. ఒకటి పూర్తయి బయటికి వెళ్లాకే ఇంకొకటి. క్లయింట్ దగ్గర "ఈ నెల కుదరదు, వచ్చే నెల" అనడానికి మొదట్లో చేతులు వణికాయి. నిజం చెప్పాలంటే, ఒకరికి ఆ మాట అన్నందుకు ఆ ఏడాది ప్రమోషన్ కూడా ఆగింది. అయినా ఆ మాట లీడ్ అనకపోతే, రాత్రి పన్నెండు దాకా కూర్చుని దాని ఖరీదు కట్టేది టీములోని చిన్నవాళ్లు.

పని ఆలస్యమైతే ఇంకో నలుగురిని పెడితే సరిపోతుంది కదా అని వ్యాపారం తెలిసిన మీరు అడగవచ్చు. రైస్‌మిల్లులో బస్తాలు దింపాలంటే నలుగురికి బదులు ఎనిమిది మందిని పెడితే పని తొందరగా అవుతుంది. మా పని అలా కాదు. 1960లలో ఐబీఎం కంపెనీ తమ కంప్యూటర్ల కోసం ఓఎస్ 360 అనే పెద్ద సాఫ్ట్‌వేర్ రాయించింది. దాన్ని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో తన అనుభవాన్ని పుస్తకంగా రాశారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్త మనుషులను చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఆయన తేల్చారు. కొత్తవాళ్లకు నేర్పడానికి పాతవాళ్లే పని ఆపాలి. పైగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు పెరుగుతాయి. నలుగురు ఉంటే జతలు ఆరు. ఎనిమిది మంది అయితే ఇరవై ఎనిమిది. పన్నెండు మంది అయితే అరవై ఆరు. మనుషులు మూడింతలైతే మాటలు పదకొండింతలు. యాభై ఏళ్లయినా ఈ లెక్క మారలేదు, లీడ్లు దాన్ని మరవడమూ మారలేదు.

మన హైదరాబాద్ మనిషి గురించి కూడా చెప్పాలి. సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. అంతకు కొన్ని నెలల ముందు దాకా ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి టీములోనూ ఇంతమందికి మంచి గ్రేడు, ఇంతమందికి చెడ్డ గ్రేడు అని ముందే వాటాలు. టీములో అందరూ బాగా చేసినా ఎవరో ఒకరికి చెడ్డ గ్రేడు పడాల్సిందే. అప్పుడు పక్కవాడికి సాయం చేస్తే నా గ్రేడుకే ముప్పు. 2013 నవంబరులో దాన్ని ఎత్తేశారు. తర్వాత నాదెళ్ల వచ్చి, 'అన్నీ తెలిసినవాళ్లం' అనుకోవడం మాని 'అన్నీ నేర్చుకునేవాళ్లం' కావాలని పదేపదే చెప్పారు. 2016 మార్చిలో ఆ కంపెనీ టే అనే మాట్లాడే ప్రోగ్రాంను బయటికి వదిలింది. జనం దానికి బూతులు నేర్పించడంతో ఒక్క రోజులోనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ప్రపంచమంతా నవ్వింది. ఆ టీముకు నాదెళ్ల రాసిన మెయిల్‌లో తిట్లు లేవు. పని ఆపవద్దని, తాను వాళ్ల వెంట ఉన్నానని రాశారు. ఆయనను ఫరిష్తాగా చూపించడం మా ఉద్దేశం కాదు. అదే కంపెనీ 2023 జనవరిలో 10,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. కానీ పడిపోయిన రోజు టీముకు ఏం రాయాలో మాత్రం ఆ మెయిల్ నుంచి మేము నేర్చుకున్నాం.

మరి మంచి లీడ్లు ఎందుకు తక్కువ? ఎందుకంటే ఎవరూ నేర్పరు. మెకానిక్ షెడ్డులో షాగిర్ద్ నాలుగేళ్లు ఉస్తాద్ పక్కన నిలబడి పనితో పాటు గిరాకీతో మాట్లాడటం, కుర్రాళ్లను చూసుకోవడం కూడా నేర్చుకుంటాడు. మా దగ్గర బాగా కోడ్ రాసేవాడికి ఒక సోమవారం పొద్దున "నువ్వు లీడ్" అని చెప్పి ఎనిమిది మందిని అప్పగిస్తారు. వాడు స్పానర్ వదలడు. కష్టమైన పని వచ్చినప్పుడల్లా "జరుగు, నేను చేస్తా" అంటాడు. మేమూ అన్నాం. అలా అన్న ప్రతిసారీ ఒకరు నేర్చుకునే అవకాశం పోతుంది. మెల్లగా అన్నీ లీడ్ దగ్గరికే చేరి, అతను సెలవు పెడితే టీము ఆగిపోతుంది. దాన్ని చూసి 'నేను లేకపోతే నడవదు' అని మురిసిపోతాడు కూడా.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. ఇక్కడ తల్లులు ఉన్నారు కాబట్టి సూటిగానే చెబుతాం. బోధన్ నుంచి వెళ్లిన అమ్మాయిలు మానేయడానికి పెద్ద కారణం అమెరికాతో రాత్రి మీటింగులు. తొమ్మిదిన్నరకు మొదలైన మీటింగ్ పదకొండుకు ముగుస్తుంది, హాస్టల్ గేటు పదికే మూస్తారు. 'అమ్మాయిలకు కుదరదు' అని ఇంట్లో తేల్చేస్తారు. కుదరనిది అమ్మాయికి కాదు, ఆ మీటింగ్ వేళకు. మాలో ఒకరు క్లయింటుతో మాట్లాడి దాన్ని సాయంత్రం ఆరున్నరకు మార్పించారు. అవతలివాళ్లకు అది ఉదయం, అభ్యంతరం చెప్పలేదు. అంతకు ముందు మూడేళ్లు ఎవరూ అడగలేదు, అంతే. ఇలాంటివి అడగకుండానే చూసేవాళ్లూ ఉన్నారు. మాలో ఒకరికి మొదటి ఉద్యోగంలో ఒక హిందూ సోదరుడు లీడ్. రంజాన్ రాగానే సాయంత్రం మీటింగును మధ్యాహ్నానికి మార్చేశాడు. ఎందుకు మార్చాడో ఎవరికీ చెప్పలేదు.

పెద్దలారా, ఇప్పుడు మీతో పని గురించి. 2023 ఆగస్టులో నిజామాబాద్‌లో ఐటీ టవర్ తెరిచారు. మన పిల్లలు కొందరైనా హైదరాబాద్ పోకుండా ఇక్కడే పని చేసే రోజు వస్తే సంతోషం. కానీ అక్కడ కూడా ఎవరో ఒకరు టీమును నడపాలి. ఆ 'ఎవరో' మన స్కాలర్‌షిప్ పిల్లలే ఎందుకు కాకూడదని మా ఆశ.

అందుకు మేము అనుకున్నది ఇది. నెలలో రెండు ఆదివారాలు మేము నలుగురం వంతుల వారీగా నిజామాబాద్ వస్తాం. ఉద్యోగంలో చేరి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు ఊరికి వచ్చినప్పుడు కలుస్తారు, రాలేనివాళ్లు ఫోన్‌లో కలుస్తారు. ఒక్కొక్కరికి పన్నెండు మందికి మించి తీసుకోం, పైన చెరకు గురించి చెప్పాం కదా. కోడింగ్ నేర్పం, అది నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చెడ్డ వార్త ఎలా చెప్పాలి, పక్కవాడి కోడ్‌లో తప్పును అతను చిన్నబోకుండా ఎలా చూపాలి, వద్దు అని ఎలా అనాలి, లీడ్ అయిన మొదటి నెల ఏం చేయాలి అన్నవే మాట్లాడుకుంటాం. మీలో దుకాణాలు, మిల్లులు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు ముప్పై ఏళ్లుగా నడిపినవాళ్లు ఉన్నారు. గుమస్తా తప్పు చేస్తే ఏం చేశారో, ఎందుకు ఉంచుకున్నారో, ఎవరిని ఎందుకు పంపించేశారో మా కంటే మీకు బాగా తెలుసు. మీరూ ఒక్కో ఆదివారం వచ్చి ఆ సంగతులు చెప్పాలి.

దీనికి స్కాలర్‌షిప్ నిధి నుంచి ఒక్క రూపాయి కూడా అడగడం లేదు. జొహర్ నుంచి అసర్ దాకా ఒక గది, ఒక ఇరవై కుర్చీలు కావాలి. పోయిన ఏడాది ఆ ప్రశ్న అడిగిన పెద్దాయన ఈ రోజు మూడో వరుసలో ఉన్నారు. మొదటి ఆదివారం ఆయనే వచ్చి మాట్లాడాలని మా నలుగురి కోరిక. సభ అయ్యాక గుమ్మం దగ్గర నిలబడతాం, పిల్లల పేర్లు అక్కడ ఇవ్వండి.